ఒంటికి పడని రొట్టె

మన పల్లెల్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని తెలిస్తే వట్టి చేతులతో చూడబోము. ఒక బ్రెడ్డు ప్యాకెట్టో, రెండు బిస్కట్టు పొట్లాలో, కాస్త ఉన్నవాళ్ళమైతే పాలలో కలుపుకునే మాల్టు పొడి డబ్బావో పట్టుకెళ్ళి, మంచం పక్కన కూర్చుని, నాలుగు మంచి మాటలు చెప్పి, ప్రార్థన చేసి వస్తాము. అది మన ప్రేమ. ఆ ప్రేమను దేవుడు దీవించును గాక. అయితే ఆ మూడు వస్తువులూ ఏ ఒంటికి పడవో అటువంటివారు కూడా కొద్దిమంది మన మధ్య ఉన్నారు. ఆ సంగతి వారికే తెలియదు. వైద్యులకు కూడా ఒక్కోసారి వెంటనే తట్టదు. ఆ జబ్బును సీలియాక్ వ్యాధి అంటారు. మా వదిన దానితో పదకొండేళ్ళు బాధపడింది. ఆమె అనుమతితోనే, ఆమె కోరిక మీదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అన్నయ్య సైన్యంలో పనిచేసి 2005లో విరమించుకున్నాడు. ఉద్యోగరీత్యా అంబాలా, జలంధర్ కంటోన్మెంట్లలో కలిపి పదమూడేళ్ళు కాపురమున్నారు. వదిన పుట్టింది, పెరిగింది గోదావరి జిల్లాలో. పెళ్ళయ్యేదాకా గోధుమ అంటే ఆమెకు పండక్కి చేసే పూరీ, ఎప్పుడైనా ఒక పూట ఉప్మా, అంతే. అక్కడికి వెళ్ళాక రెండు పూటలా రొట్టె అలవాటైంది. అక్కడ ఉండగానే రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి దేవుని కృపవల్ల ఒక ఆడపిల్ల నిలిచింది. తిరిగి మా ఊరు వచ్చిన ఏడాదికే అన్నయ్యకు షుగరు బయటపడింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, రాత్రి చపాతీ. అన్నం మధ్యాహ్నం ఒక్కపూటే. ఆయనకు వేరే, తనకు వేరే ఎందుకని వదిన కూడా అదే తినేది.

2007 నుంచి ఆమెకు నీరసం మొదలైంది. బిందె ఎత్తితే ఆయాసం, మెట్లెక్కితే గుండె దడ. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములు. ఆడవాళ్ళకు 12 ఉండాలి. ఇనుము మాత్రలు ఇచ్చారు. మూడు నెలలు వేసుకున్నా పెరగలేదు. నులిపురుగులకు మందిచ్చారు. నెలసరి ఎక్కువగా అవుతోందేమోనని కడుపు స్కానింగు తీయించారు. తోటకూర, మునగాకు, బెల్లం, ఖర్జూరం, ఎవరు ఏది చెబితే అది తిన్నది. ఒకసారి నరానికి సూది ద్వారా ఇనుము ఎక్కిస్తే 10 దాకా వచ్చింది. ఆరేడు నెలల్లో మళ్ళీ మొదటికి వచ్చింది.

దానితోపాటు మరికొన్ని ఉండేవి. అవన్నీ ఒకే చెట్టు కొమ్మలని మాలో ఎవ్వరికీ తోచలేదు. నెలకోసారి నోరు పూసేది. కారం తగిలితే కళ్ళవెంట నీళ్ళు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద చిన్న చిన్న నీటి పొక్కులు లేచి విపరీతమైన దురద. గజ్జి అన్నారు, తామర అన్నారు, ఎన్నో పూతమందులు రాశారు. అరికాళ్ళు తిమ్మిరులెక్కి చీమలు పాకినట్టుండేది. నడుము ఎముకలు నొప్పి. ఇవికాక మనసు దిగాలు. ఊరికే ఏడుపొచ్చేది. విరేచనాలు మాత్రం లేవు. పైగా మలబద్ధకము. మనిషి చిక్కి శల్యమైందీ లేదు. అందుకే కడుపు జబ్బు ఉందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు.

జబ్బుకంటె మనుషుల మాటలు ఆమెను ఎక్కువ నలిపాయి. చేతబడి అన్నవారు బయటివారు. సంఘములోని వారే కొందరు, ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుందనీ, విశ్వాసము చాలక స్వస్థత రావడం లేదనీ అన్నారు. యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు కూడా ఇలాగే మాట్లాడారు. చివరకు దేవుడు గద్దించినది యోబు స్నేహితులనే అని మనము మరచిపోతాము. రక్తస్రావముతో పన్నెండేండ్లు వైద్యులచుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టుకున్న స్త్రీ గురించి మార్కు సువార్త 5వ అధ్యాయములో చదువుతాము. ప్రభువు ఆమెను నీ పాపమేమిటని అడగలేదు. కుమార్తె అని పిలిచాడు. వదిన ఆ అధ్యాయము ఎన్నిసార్లు చదువుకున్నదో ఆమె బైబిలు పుటలే చెబుతాయి.

2018లో పట్నంలోని ఒక మిషను ఆసుపత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ ఆమెను చూసింది. పాత కాగితాలన్నీ వరుసగా పేర్చుకుని నిదానంగా చదివింది. "అమ్మా, మాత్ర మింగితే పెరగని రక్తం, సూదితో ఇస్తే పెరిగిందా?" అని అడిగింది. అవునన్నాము. "అయితే ఇనుము చాలకపోవడం కాదు, పేగు పీల్చుకోవడం లేదు" అన్నది. తరువాత నోరు చూసింది, మోచేతులు చూసింది. కాన్పుల సంగతి అడిగింది. ఆఖరున, "ఇంట్లో మీరు తినేది బియ్యమా, గోధుమా?" అన్నది. పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. టి.టి.జి. అనే ప్రతిరోధకాల రక్తపరీక్ష చేయించింది. అది చాలా ఎక్కువగా వచ్చింది. గొంతులోంచి గొట్టం పంపి ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. సీలియాక్ వ్యాధి అని రూఢి అయింది.

ఆ డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పిన సంగతి పాఠకులకు కూడా చెబుతాను. గోధుమ పిండి తడిపితే సాగుతుంది. అందుకే చపాతీని కర్రతో పల్చగా ఒత్తగలము. జొన్నపిండి సాగదు, విరిగిపోతుంది. అందుకే జొన్నరొట్టెను చేత్తో తట్టాలి. గోధుమకు ఆ సాగుడు తెచ్చే పదార్థమే గ్లూటెన్. బార్లీలోనూ, మన దేశంలో అరుదైన రై ధాన్యంలోనూ దానివంటివే ఉంటాయి. మన చిన్నపేగు లోపలి గోడమీద నారుమడిలో నారు నిలబడ్డట్టు కంటికి కనబడని సన్నటి మొలకలు నిలబడి ఉంటాయి. తిన్న తిండిలోని సారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే. పుట్టుకతో కొన్ని జన్యువులున్న వారిలో కొందరికి గ్లూటెన్ తగలగానే ఒంటిలోని రక్షణదళం పొరబడి, దొంగను విడిచి ఇంటివారినే కొట్టే కాపలావాడిలా, సొంత పేగునే దెబ్బతీస్తుంది. వరదకు నారుమడి పడిపోయినట్టు ఆ మొలకలు చదునైపోతాయి. ఇనుమును ఎక్కువగా పీల్చేది చిన్నపేగు మొదటి భాగమే. దెబ్బ తగిలేదీ ముందు అక్కడే. అందుకే విరేచనాలు లేకుండానే రక్తహీనత రావచ్చు. సున్నము, డి విటమిను అందకపోతే ఎముకలు గుల్లబారుతాయి. ఫోలిక్ ఆమ్లము, మరికొన్ని విటమినులు కూడా తగ్గుతాయి. కొందరిలో చర్మమూ నరాలూ కూడా ఈ పొరపాటు యుద్ధంలో చిక్కుకుంటాయి.

ఈ జబ్బు కొత్తది కాదు. పేతురు తన మొదటి పత్రికలో పేర్కొన్న కప్పదొకియ దేశమున్నది కదా, ఆ దేశస్థుడే అరెటియస్ అనే గ్రీకు వైద్యుడు. తిన్నది ఒంటపట్టని ఇటువంటి కడుపు రోగాన్ని ఆయన ఎన్నో శతాబ్దాల క్రితమే వర్ణించాడు. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ దీన్ని వివరంగా రాసి, నయం కావాలంటే దారి తిండిలోనే ఉన్నదని గ్రహించాడు. ఏ తిండి అన్నది ఆయనకు తెలియలేదు. హాలండులో పిల్లల వైద్యుడు విల్లెం డికెకు 1930లలోనే గోధుమ మీద అనుమానం కలిగింది. 1944-45 చలికాలంలో యుద్ధంవల్ల ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చి రొట్టె దొరకలేదు. దేశమంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే వాళ్ళ జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో దీన్ని రుజువుచేశాడు.

మన తెలుగునాట ఇది తక్కువ. కారణం మన అన్నమే. 2016లో మన దేశం మీద ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఉత్తరాదివారిలో నూటికి ఒకరికంటె కొంచెం ఎక్కువమంది రక్తంలోనూ, దక్షిణాదివారిలో వెయ్యికి ఒక్కరి రక్తంలోనూ ఈ జబ్బు సూచనలు కనబడ్డాయి. ఈ జబ్బుకు తావిచ్చే జన్యువులు మాత్రం అన్ని ప్రాంతాలవారిలోనూ ఇంచుమించు మూడోవంతు మందికి ఉన్నాయి. అందులో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు. కానీ అక్కడివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే మనవైపువారు తినేది 25 గ్రాములు. ఇప్పుడు షుగరు పేరుతో మన పల్లెల్లో కూడా రాత్రిపూట చపాతీ వచ్చింది. పిల్లల చేతుల్లోకి బిస్కట్లు, నూడుల్సు వచ్చాయి. మన పిల్లలు ఉద్యోగాలకు, సైన్యానికి, సువార్త సేవకు ఉత్తరాదికి వెళ్తున్నారు. కాబట్టి దీని గురించి తెలుసుకుని ఉండటం మంచిది.

అలాగని ఎవరూ బెదరనక్కరలేదు. గోధుమ చెడ్డ ధాన్యం కాదు, పడేవారికి అది దేవుడిచ్చిన మంచి ఆహారమే. మన ఆడవాళ్ళ రక్తహీనతకు ముఖ్యమైన కారణాలు చాలని తిండి, కొంకిపురుగులు, ఎక్కువగా పోయే నెలసరి. ముందు వాటినే చూడాలి. దక్షిణాదిలో పేగు పీల్చుకోని మరో జబ్బు, ట్రాపికల్ స్ప్రూ, కూడా ఉన్నది. 1960లలో వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో అది వ్యాపించినప్పుడు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులే దాన్ని పరిశోధించారు. వయసు మళ్ళినవారికి రక్తం తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పక చూపించుకోవాలి. వీటన్నిటికీ వైద్యం జరిగినా గుణం కనబడనప్పుడు, "డాక్టరుగారూ, సీలియాక్ ఏమైనా అయి ఉంటుందా?" అని మర్యాదగా ఒక మాట అడగండి.

ఎప్పుడు అడగాలి? ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత ఉన్నప్పుడు. వయసుకు మించి ఎముకలు గుల్లబారి, చిన్న దెబ్బకే విరిగినప్పుడు. మాటిమాటికీ నోటిపూత వస్తున్నప్పుడు. మోచేతులు, మోకాళ్ళు, పిరుదుల మీద రెండు పక్కలా ఒకేలా దురద పొక్కులు లేస్తున్నప్పుడు. కారణం తెలియని తిమ్మిరులు, నడకలో తూలు ఉన్నప్పుడు. పిల్లలు కలగకపోయినా, మాటిమాటికీ గర్భం నిలవకపోయినా. లివరు పరీక్షలు కారణం లేకుండా తేడాగా వస్తున్నప్పుడు. చిన్నతనంలో వచ్చే రకం షుగరు, థైరాయిడ్ జబ్బు ఉన్నవారిలో ఇది మామూలుకంటె ఎక్కువ. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులలో ఒకరికి ఉంటే మిగిలినవారు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఈ రోగులలో లావుగా ఉన్నవారూ ఉన్నారు, అరవై దాటాక బయటపడినవారూ ఉన్నారు. మా వదిన చెల్లెలికి కడుపులో ఏ బాధా లేదు. వాకిట్లో జారి మణికట్టు విరిగిందంతే. అక్క సంగతి విని పరీక్ష చేయించుకుంటే ఆమెకూ ఇదే ఉన్నది. కూతురికి మాత్రం లేదని వచ్చింది. దేవునికి స్తోత్రము.

ఒక ముఖ్యమైన మాట. అనుమానం వచ్చింది కదాని పరీక్షకు ముందే గోధుమ మానేయకండి. మానేస్తే పేగు కొంత కోలుకుని, ప్రతిరోధకాలు తగ్గి, జబ్బు ఉన్నా లేదన్నట్టు పరీక్ష చూపవచ్చు. ముందు పరీక్ష, ఆ తరువాతే పత్యము.

ఈ జబ్బును పూర్తిగా తీసివేసే మందు లేదు. పత్యమే మందు. అది బ్రతికినంతకాలము. అన్నం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులు, కూరలు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం, అన్నీ తినవచ్చు. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమియా, బ్రెడ్డు, బిస్కట్లు, కేకులు, పరోటాలు, బార్లీ, మాల్టు పొడులు మానాలి. ఇడ్లీ, దోసె, పెసరట్టు, పులిహోర, అరిసెలు ఉన్న తెలుగు ఇంట్లో ఇది అసాధ్యమైన పత్యము కాదు. కానీ దాక్కుని వచ్చే గోధుమను కనిపెట్టడమే కష్టం. బజారులో దొరికే ఇంగువలో చాలావరకు మైదా కలుపుతారు. ఆ సంగతి తెలిసిన రోజున వదిన తన పప్పుచారు గిన్నె వైపు చూసి నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుండిపోయింది. పిండిమరలో గోధుమ ఆడిన వెంటనే జొన్నలు ఆడిస్తే ఆ జొన్నపిండిలోకి గోధుమ వస్తుంది. ఇంట్లో చిన్న గ్రైండరులోనే ఆడుకోవడం మేలు. చపాతీ కాల్చిన పెనం మీద దోసె పోయకూడదు. పూరీలు వేయించిన నూనెలో అప్పడం వేయించకూడదు. కొన్న సరుకు మీద గ్లూటెన్ రహితమని రాసి ఉందేమో చూసుకోవాలి. మన దేశపు చట్టం ప్రకారం అలా రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. క్రిస్మసుకు చేసే కజ్జికాయలు మైదాతో చేస్తాము కదా, మా అన్నయ్య కూతురు ఇప్పుడు తల్లి కోసం బియ్యపుపిండితో గులాబీ పువ్వులు, కొబ్బరి లౌజు చేస్తున్నది.

ఇక సంస్కారము సంగతి. పత్యము మొదలైన తరువాత వచ్చిన మొదటి సంస్కారపు ఆదివారము వదిన బల్ల దగ్గరకు వెళ్ళలేదు. బెంచీ మీదే తలవంచుకుని కూర్చున్నది. రొట్టె ముక్క ఎంత చిన్నదైనా, అనుదినం తినకపోయినా, అది ఆమె పేగుకు కీడే. కానీ పల్లె సంఘములో సంస్కారము తీసుకోకుండా కూర్చున్న మనిషిని ఎలా చూస్తారో మీకు తెలుసు. వారం తిరగకముందే ఊరంతా గుసగుసలు. జబ్బు పేరు తెలిసి, నీరసం తగ్గుతున్న వేళ, ప్రభువు బల్లకే దూరమైపోయానని ఆమె మా అందరికంటె ఎక్కువగా కుమిలింది. "అమ్మాయీ, అన్నీ మానగలను గాని ఇది ఎలా మానను?" అని నన్ను అడిగింది.

సంగతి విని మా అయ్యగారు ఇంటికి వచ్చారు. డాక్టరు కాగితము అడిగి చదివించుకున్నారు. తరువాత సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడారు. బియ్యపు రొట్టె వాడవచ్చునా, వాక్యానుసారమేనా అని ఒక పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయ్యగారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయము తీశారు. తాను తినే మాంసము సహోదరునికి అడ్డమైతే దాన్ని జన్మలో ముట్టనని పౌలు భక్తుడు తేల్చిన సంగతి గుర్తుచేశారు. ప్రభువు తన శిష్యులకు చేతికందిన, ఆ దేశపువారు దినదినము తినే రొట్టెనే విరిచి ఇచ్చాడనీ, ఒక బిడ్డను రోగిని చేసి బల్లకు రమ్మనడం ఆయన మనసు కాదనీ చెప్పారు. పెద్దలు ఒప్పుకున్నారు. అమ్మగారు స్వయంగా బియ్యపుపిండితో పులియని చిన్న రొట్టె కాల్చారు. దాన్ని వేరే పళ్ళెంలో, వేరే గుడ్డ కప్పి ఉంచుతారు. పొడి అంటకుండా అయ్యగారు చేతులు కడుక్కుని ముందు ఆమెకే ఇస్తారు. గిన్నె కూడా ఆమెకు వేరు. ఆ నెల వదిన లేచి బల్ల దగ్గరకు నడుస్తుంటే ఆమెను దెప్పినవారిలో ఒకామె పక్కకు జరిగి చోటిచ్చింది. ఆరాధన అయ్యాక వచ్చి చేయి పట్టుకున్నది. ఒక్కొక్క సంఘమునకు ఒక్కొక్క ఆచారము ఉండవచ్చు. మీ కాపరులతో, పెద్దలతో మాట్లాడి నిర్ణయించుకోండి. కానీ మాట్లాడండి. గుసగుసలాడకండి.

ఆరు నెలలకు ఆమె హిమోగ్లోబిన్ 11 అయింది. ఏడాదికి 12 దాటింది, అదీ మాత్రలతోనే. నోటిపూత పోయింది. పొక్కులు నిదానంగా, ఏడాదిన్నరకు గాని తగ్గలేదు. అరికాళ్ళ తిమ్మిరి పూర్తిగా పోలేదు. మరీ ఆలస్యమైతే కొన్ని నష్టాలు మిగిలిపోతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. పోయిన ఆ ఇద్దరు పసివాళ్ళ సంగతి వదిన ఇప్పుడు భయం లేకుండా మాట్లాడుతుంది. అది తన పాపమువల్ల కాదని ఆమెకు ఇప్పుడు నెమ్మది. ఆ రెండు గర్భాలకూ ఈ జబ్బే కారణమని రూఢిగా ఎవరూ చెప్పలేరు గాని, ఈ నెమ్మది మాత్రం ఏ మాత్రతోనూ దొరికేది కాదు.

ప్రియ పాఠకులారా, పౌలు తిమోతి ఆత్మ గురించి ఎంత విచారించాడో అతని కడుపు గురించీ, మాటిమాటికీ వచ్చే అతని బలహీనతల గురించీ అంత విచారించాడు. ప్రార్థించడము, పరీక్ష చేయించడము ఒకదానికొకటి విరోధము కావు. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి ఊరికే నీరసమంటున్న తల్లి గాని, కోడలు గాని, అక్క గాని ఉంటే సోమరితనమని కసరకండి, విశ్వాసము తక్కువని తీర్పుతీర్చకండి. దగ్గర కూర్చుని ఎక్కడెక్కడ బాధో అన్నీ అడిగి ఒక కాగితం మీద రాయండి. ఏమేమి తింటున్నదో కూడా రాయండి. ఆ కాగితం వైద్యునికి చూపించండి. మన దేహములను ఆశ్చర్యముగా నిర్మించిన దేవుడు, వాటి మరుగైన సంగతులను ఎరిగే జ్ఞానమును వైద్యులకును, ఓపికగా వినే చెవిని మనకును దయచేయును గాక. ఆమేన్.